మొదటి కాన్పు భయం రెండో కాన్పులోనూ వెంటాడుతుంటే కౌన్సెలింగ్‌లో అసలు ఏం చేస్తారు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇప్పుడు ఆరో నెల, 24 వారాలు. మొదటి కాన్పులో 18 గంటలు నొప్పులు పడ్డారు, చివర్లో ఉన్నట్టుండి గదినిండా మనుషులు వచ్చేశారు, ఏం జరుగుతోందో ఒక్కరూ చెప్పలేదు, ఫోర్సెప్స్ పెట్టి లాగారు, ఆ తర్వాత బ్లీడింగ్ ఎక్కువైంది. తల్లీబిడ్డా క్షేమమే కదా అని అందరూ ఊరుకున్నారు. ఇప్పుడేమో రాత్రి రెండింటికి చెమటలు పట్టి లేస్తున్నారు, చెకప్ తేదీ దగ్గరపడుతుంటే కడుపులో తిప్పేస్తోంది. డాక్టరుగారు "ఎక్కువ ఆలోచించకు" అన్నారు, మీవారు "లోకంలో అందరూ కనట్లేదా" అన్నారు. కౌన్సెలింగ్‌కి వెళ్తే పాతదంతా తవ్వి బిడ్డకేమైనా అవుతుందేమోనని అనుమానం, సిజేరియన్ అడిగేస్తే ఈ బాధే ఉండదేమోనని ఇంకో ఆలోచన. అన్నీ అయ్యాక చివర్లో బ్రాకెట్‌లో "చిన్నప్పటిది ఇంకోటి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు" అని ఒక్క ముక్క రాశారు.

ఆ బ్రాకెట్ నా కంటపడింది. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

నేను ఆరేళ్ళు లేబర్ రూమ్‌లో నర్సుగా చేసి, ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా గర్భిణులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. కాబట్టి మంచం పక్కన నిలబడి "ఇంకొంచెం ఓర్చుకో అమ్మా" అన్నదాన్నీ నేనే, అలా అన్న మాటలు నాలుగేళ్ళ తర్వాత ఒకావిడ వచ్చి అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్తుంటే తలదించుకుని విన్నదాన్నీ నేనే.

ముందు మీ భయం సంగతి. దీనికి వైద్యంలో పేరుంది, టోకోఫోబియా అంటారు. కాన్పంటే ఉండే మామూలు బెరుకు కాదు, నిద్రనూ తిండినీ చెకప్‌లనూ దెబ్బతీసే స్థాయి భయం. ఫ్రాన్స్‌లో లూయీ విక్టర్ మార్సే అనే డాక్టరు 1858లోనే తొలి చూలు ఆడవాళ్ళలో ఈ భయం గురించి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000లో బ్రిటన్‌లో క్రిస్టినా హాఫ్‌బర్గ్, ఇయన్ బ్రాకింగ్టన్ దీన్ని విడిగా ఒక సమస్యగా గుర్తించి రెండు ముఖ్యమైన రకాలుగా చెప్పారు. ఒకటి, అసలు కాన్పే చూడని అమ్మాయిల్లో టీనేజ్ నుంచీ ఉండేది. రెండోది, ఒక చేదు కాన్పు తర్వాత పట్టుకునేది. మీది రెండోది, అందులో మొదటిదాని ఛాయ కూడా కొంత ఉండొచ్చు. తీవ్రత కొలవడానికి 1998లో స్వీడన్‌లో తయారైన 33 ప్రశ్నల పట్టిక ఒకటుంది, వైమా పట్టిక అంటారు, మొత్తం 165 మార్కులకు 85 దాటితే తీవ్రమైన భయం కింద లెక్క. ఎవరైనా మీకది ఇస్తే పరీక్ష అనుకుని "మంచి" జవాబులు రాయకండి, చాలామంది అదే చేస్తారు.

ఇక మీ పీడకలలు, చెమటలు, చెకప్ అంటే వణుకు. ఇవి ఉత్త టెన్షన్‌లా అనిపించట్లేదు నాకు, కాన్పు తర్వాత వచ్చే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే జబ్బు) లక్షణాల్లా ఉన్నాయి. అవునో కాదో నేరుగా చూసినవాళ్ళే తేల్చాలి, రాతలో చూసి నేను తేల్చకూడదు. కానీ ఇది అరుదైన వింతేమీ కాదు. అన్ని కాన్పులూ కలిపి చూస్తే నూటికి నలుగురి దాకా, కాన్పులో ప్రాణాల మీదికి వచ్చినవాళ్ళూ ముందే గాయాలున్నవాళ్ళూ మాత్రమే అయితే దాదాపు అయిదారుగురిలో ఒకరికి ఇది వస్తుందని పరిశోధనలు చెప్తున్నాయి. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకే వస్తుందని అనుకునే జబ్బు, పిల్లను ఎత్తుకుని నవ్వుతూ ఫొటో దిగిన తల్లికి కూడా ఉంటుందంటే ఇంట్లోవాళ్ళు నమ్మరు. ఏమాటకామాటే, మా ఆసుపత్రులవాళ్ళు కూడా చాలామంది నమ్మరు.

"ఎక్కువ ఆలోచించకు" అనే సలహా ఎందుకు పనిచెయ్యదో చెప్తాను, ఎందుకంటే మీరు అది పాటించలేకపోతున్నందుకు కూడా మిమ్మల్నే తిట్టుకుంటున్నట్టున్నారు. మామూలు జ్ఞాపకం పాతబడుతుంది, అప్పుడెప్పుడో జరిగింది అన్న గుర్తు దాని మీద ఉంటుంది. ప్రాణం పోతుందనిపించిన క్షణాల జ్ఞాపకం అలా కాదు. దానికి తేదీ ఉండదు. స్పిరిట్ వాసన, గ్లవ్స్ లాగిన చప్పుడు, మొహం మీద లైటు, ఏ ఒక్కటి తగిలినా ఒళ్ళు "ఇప్పుడే జరుగుతోంది" అనుకుని స్పందిస్తుంది. పాము కరిచినవాడు తాడుని చూసినా ఉలిక్కిపడతాడు, ఆ ఉలికిపాటు ఆలోచించి చేసింది కాదు కదా, ఆలోచన మానేస్తే ఆగడానికి. పైగా భయం నొప్పుల్నీ దెబ్బతీస్తుంది. అడ్రినలిన్ ఎక్కువైతే గర్భసంచి కదలికలు సరిగ్గా సాగవు. నార్వేలో 2,206 మంది తల్లులను గమనించి 2012లో ఒక అధ్యయనం వచ్చింది. కాన్పు భయం ఉన్నవాళ్ళకు నొప్పుల సమయం సగటున గంటన్నర ఎక్కువ పట్టింది, మిగతా కారణాలన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా 47 నిమిషాల తేడా మిగిలింది. అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: ఆ భయపడ్డవాళ్ళలో 89 శాతం మందికి సిజేరియన్ లేకుండానే కాన్పు అయింది. కాబట్టి "నా భయమే నా కాన్పుని పాడుచేస్తుంది" అనే కొత్త భయం మాత్రం పెట్టుకోకండి.

కౌన్సెలింగ్‌కి వెళ్తే భయం పోతుందా? పూర్తిగా పోదు, పోగొడతామని ఎవరైనా మాటిస్తే నాకు అనుమానం. నేను చేసేది భయం దేనికో తేల్చడం. "కాన్పంటే భయం" అన్న మాటతో ఎవరూ ఏమీ చెయ్యలేరు, మీ డాక్టరు కూడా. "ఒక్కసారిగా అందరూ వచ్చినప్పుడు నాకేమీ చెప్పకపోవడం అంటే భయం" అన్నారనుకోండి, దానికి లేబర్ రూమ్‌లో ఒక మనిషిని పెట్టొచ్చు. "కుట్లు వేసేటప్పుడు మత్తు ఎక్కలేదు, చెప్పినా వినలేదు" అంటే, దానికి ముందే మత్తు డాక్టరుతో మాట్లాడొచ్చు. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ నా ఇరవై ఏళ్ళ పనిలో సగం ఇదే.

ఒకామె సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. ఆమె కూడా రెండో కాన్పు. మొదటిసారి నొప్పి భరించలేకపోయానని, అందుకే భయమని చెప్పింది. మూడు సెషన్లు నొప్పి గురించే మాట్లాడుకున్నాం, నడుములో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు గురించి, శ్వాస గురించి, అన్నీ. ఏం మారలేదు. నాలుగోసారి ఊరికే "ఆ గదిలో మీకు ఏం కనపడేది" అని అడిగాను. గోడ గడియారం, అంది. ఇంకా? కాసేపు ఆలోచించి, "వీపులు" అంది. తను మంచం మీద ఉంది, అయిదారుగురు ఉయ్యాల దగ్గర బిడ్డ చుట్టూ మూగి ఉన్నారు, బిడ్డ ఏడుపు వినపడలేదు, ఈమెకు కనపడేవి వీపులే. మూడు నిమిషాలకు బిడ్డ ఏడ్చింది, తర్వాత అంతా బాగానే ఉంది. కానీ ఆ మూడు నిమిషాలు బిడ్డ పోయిందనే అనుకుంది, ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. అంతా అయ్యాక కూడా ఎవరితోనూ అనలేదు, ఎందుకంటే బిడ్డ బాగానే ఉంది కదా, ఇక చెప్పుకోవడానికేముంది. నొప్పి అన్న మాట వెనక నాలుగేళ్ళుగా దాగి ఉన్నది ఆ వీపులు. రెండో కాన్పుకు లేబర్ రూమ్‌లో ఇవ్వడానికి ఆమె రాసుకున్న కాగితం మీద మొదటి వాక్యం ఇది: "బిడ్డను పక్కకు తీసుకెళ్తే ఒకరు నావైపు తిరిగి నిలబడి ఏం జరుగుతోందో చెప్పాలి."

ఇప్పుడు మీ పెద్ద అనుమానం, పాతది తవ్వితే బిడ్డకేమవుతుందని. సరిగ్గా చేసిన థెరపీ వల్ల కడుపులో బిడ్డకు హాని జరిగిందని ఆధారాలేమీ లేవు. మీరిప్పుడు ప్రతిరాత్రీ రెండింటికి ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళి వస్తున్నారు. పట్టపగలు, పక్కన ఒక మనిషి ఉండగా, ఆపమంటే ఆపే షరతు మీద వెళ్ళడం దానికంటే కష్టమేమీ కాదు. కాకపోతే ఒక హెచ్చరిక. ఒకే ఒక్క సిటింగ్‌లో కూర్చోబెట్టి మొదటినుంచి చివరిదాకా మళ్ళీ అనుభవించేలా చెప్పించే పద్ధతి వద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. నేను ఆ తప్పు చేశాను. కొత్తలో, ఉత్సాహం కొద్దీ, మొదటి రోజే ఒకావిడ చేత అంతా చెప్పించాను. గంటన్నరసేపు చెప్పింది, ఏడ్చింది, నాకు దండం పెట్టి వెళ్ళింది. ఎంత బాగా చేశానో అనుకున్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆ రాత్రి నుంచి వారం రోజులు నిద్రపోలేదని, ఇక కౌన్సెలింగ్ అంటేనే వద్దంటోందని తర్వాత తెలిసింది.

సరైన క్రమం వేరే ఉంటుంది. మొదటి రెండు మూడు సెషన్లు పాత సంగతుల జోలికే పోరు. భయం ఉప్పెనలా వచ్చినప్పుడు ఒడ్డుకు ఎలా రావాలో నేర్పిస్తారు. అరికాళ్ళు నేలకు గట్టిగా ఆనించడం, గదిలో కనపడే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం, ఊపిరి తీసుకున్నదానికంటే వదలడం ఎక్కువసేపు చేయడం, ఇలాంటివి. చూస్తే చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి, ఇంట్లో కూర్చుని ఒకసారి చేసి "ఏం లాభం లేదు" అనకండి. స్కాన్ రూమ్ బయట కుర్చీలో చెయ్యండి, బీపీ పట్టీ చేతికి చుట్టినప్పుడు చెయ్యండి, అప్పుడే ఒంటికి అలవాటవుతుంది. అది పట్టుబడ్డాకే జ్ఞాపకం దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ముఖ్యంగా రెండు దారులున్నాయి. ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీలో, అంటే ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్సలో, జరిగినదాన్ని కొంచెం కొంచెంగా చెప్పిస్తూ, "నా తప్పే" లాంటి మాటల్ని ఒక్కొక్కటీ పరీక్షకు పెడతారు. ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్ట్ వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరిస్తారు, అమెరికాలో ఫ్రాన్సిన్ షాపిరో 1980ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఎక్కువ మాట్లాడటం ఇష్టంలేనివాళ్ళకు నప్పుతుంది. మామూలుగా 8 నుంచి 12 సెషన్లు పడుతుంది. మీకు ఇంకా 16 వారాలున్నాయి, సరిపోతుంది, కానీ "తొమ్మిదో నెలలో చూద్దాంలే" అంటే సరిపోదు. ఒకవేళ సమయం చాలకపోతే జ్ఞాపకం పని కాన్పు తర్వాతకు వదిలేసి, ఒడ్డుకు వచ్చే సాధన, లేబర్ రూమ్ కాగితం, ఈ రెండే పట్టుకుంటాం. అదీ తప్పు కాదు.

జ్ఞాపకం పనిలో నాకు బాగా ఉపయోగపడేది పాత కేస్ షీట్. మీ మొదటి కాన్పు జరిగిన ఆసుపత్రిలో రాతపూర్వకంగా అడిగి కాపీ తీసుకోండి. ఇంట్లో ఒంటరిగా విప్పి చదవకండి, అందులో భాష కటువుగా ఉంటుంది, "ప్రయత్నం విఫలం" లాంటి మాటలుంటాయి. మీ కౌన్సెలర్ పక్కన కూర్చుని, వీలైతే ఒక మిడ్‌వైఫో డాక్టరో అర్థం చెప్తుండగా చదవండి. ఒకామె రెండేళ్ళు "నేను సరిగ్గా ముక్కలేదు, అందుకే ఫోర్సెప్స్ పెట్టారు" అనుకుంటూ బతికింది, ఎవరో నర్సు విసుగులో ఒక మాట అన్నారట. షీట్‌లో చూస్తే బిడ్డ తల వంకరగా దిగింది, ముఖం తల్లి పొట్టవైపు తిరిగి ఉంది, అలా ఉంటే ఎంత ముక్కినా కష్టమే. ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి పదినిమిషాలు అలాగే కూర్చుంది. నేను ఆరోజు చేసిన థెరపీ ఏమీ లేదు, పక్కన కూర్చోవడం తప్ప.

ఇప్పుడా బ్రాకెట్.

మీరు అది నాకు చెప్పక్కర్లేదు. కౌన్సెలర్‌కి మొదటి రోజే చెప్పక్కర్లేదు. అసలు ఎప్పటికీ వివరంగా చెప్పకుండానే సాయం తీసుకోవచ్చు, ఇది చాలామందికి తెలియక తలుపుదాకా వచ్చి వెనక్కి పోతారు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు ఆడవాళ్ళలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు భర్త వల్లో తోడుండేవాడి వల్లో దెబ్బలో లైంగిక హింసో, లేదా బయటివాళ్ళ వల్ల లైంగిక హింసో ఎదుర్కొన్నవాళ్ళే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా వేసింది. చిన్నప్పటివి కలిపితే ఇంకా ఎంతమందో. అంటే ఏ లేబర్ వార్డులో ఏ రోజు చూసినా అలాంటివాళ్ళు ఉంటారు, చాలామంది నోరు విప్పరు. గర్భం వచ్చాక అవి పైకి తేలడం కూడా మామూలే. ఒంటి మీద చేతులు, బట్టలు తియ్యమనడం, వెల్లకిలా పడుకోమనడం, "రిలాక్స్ అవ్వు, ఏం కాదు" అనడం. ఆ చివరి మాట ఒకప్పుడు ఎవరి నోట వచ్చిందో కొందరికి బాగా గుర్తుంటుంది, అందుకే నేను ఆ మాట వాడటం మానేశాను.

డాక్టరుకు ఇంతే చెప్పండి: "లోపలి పరీక్షలు నాకు చాలా కష్టం. కారణం అడగొద్దు. ముందు చెప్పి చెయ్యండి, ఆగండి అంటే ఆపండి." మంచి డాక్టరుకు ఇది చాలు, అర్థమైపోతుంది. ప్రతి పరీక్షా తప్పనిసరా అని అడిగే హక్కు కూడా మీకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నొప్పులు ఊపందుకున్నాక కూడా మామూలుగా అయితే 4 గంటలకోసారి లోపలి పరీక్ష చాలు. గంటకోసారి వచ్చిన ప్రతివాళ్ళూ చెయ్యక్కర్లేదు. పక్కకు తిరిగి పడుకుని చేయించుకోవచ్చు, ఆడ డాక్టరో నర్సో కావాలని ముందే అడగొచ్చు. పాలిచ్చేటప్పుడు కూడా కొందరికి ఒళ్ళు బిగుసుకుపోతుంది, అది బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ముందే తెలిసుంటే కంగారు పడరని చెప్తున్నాను.

ఇంకొకటి, దీన్ని మీతో ఉండేవాళ్ళకు తప్పకుండా చెప్పండి. పాత గాయం ఉన్నవాళ్ళు భయపడితే అందరూ అరవరు. కొందరు ఉన్నట్టుండి చాలా బుద్ధిమంతులైపోతారు. కళ్ళు ఎటో చూస్తుంటాయి, చెప్పినట్టల్లా చేస్తారు, అడిగితే ఊఁ అంటారు. నర్సుగా ఉన్నప్పుడు నేను ఇలాంటివాళ్ళను చూసి "ఎంత ఓర్పో ఈ అమ్మాయికి" అని మెచ్చుకునేదాన్ని. అది ఓర్పు కాదని, మనిషి ఆ గదిలోంచి లోలోపల వెళ్ళిపోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక ఆ కాగితం. ఒక్క పేజీ, అంతకు మించితే డ్యూటీ మారినప్పుడు ఎవరూ చదవరు. ఇంటర్నెట్‌లో దొరికే బర్త్ ప్లాన్లు చూసి సంగీతం, దీపాలు అని నింపకండి, మీకు నిజంగా కావలసిన అయిదారు వాక్యాలు చాలు. మీరు రాసినదాన్ని బట్టి నేనైతే ఇలా మొదలుపెడతాను: "మొదటి కాన్పు వల్ల నాకు తీవ్రమైన భయం ఉంది. నన్ను ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి. అత్యవసరం వచ్చి అందరూ గదిలోకి రావాల్సివస్తే, ఒక్కరు నా తల దగ్గర నిలబడి ఏం చేస్తున్నారో నాకు చెప్తూ ఉండాలి. నేను మౌనంగా అయిపోతే నా చెయ్యి పట్టుకుని నా మొదటి బిడ్డ పేరు అడగండి. నొప్పి తగ్గే మందు అడిగితే వాయిదా వెయ్యకండి, ఇవ్వలేకపోతే ఎందుకో చెప్పండి." చివరిదానిలో "ఎందుకో చెప్పండి" అన్నది ముఖ్యం. అన్నీ మనం అనుకున్నట్టు జరగవు, బిడ్డ గుండె చప్పుడు తగ్గితే ఈసారి కూడా అందరూ పరుగెత్తుకు రావచ్చు. ఒకేలాంటి ఎమర్జెన్సీ జరిగిన ఇద్దరిలో ఒకరు బయటపడి, ఇంకొకరు ఏళ్ళతరబడి కుమిలిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. చాలాసార్లు తేడా ఎక్కడుందంటే, ఆ సమయంలో ఎవరైనా వాళ్ళతో మాట్లాడారా లేదా అన్న దగ్గర. ఈ కాగితం ముందుగా డాక్టరుకు చూపించి ఫైల్లో పెట్టించండి, లేబర్ రూమ్‌కి వచ్చాక మొదటిసారి తీస్తే విలువ ఉండదు.

పక్కన ఒక మనిషి ఉండాలి. ఇది సెంటిమెంట్ కోసం చెప్పట్లేదు. 17 దేశాల్లో 15,000 మందికి పైగా తల్లుల మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి 2017లో కాక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ సమీక్షించింది. నొప్పుల సమయంలో విడవకుండా తోడున్నప్పుడు మామూలు కాన్పులు పెరిగాయి, సమయం కొంత తగ్గింది, చేదు అనుభవం అన్నవాళ్ళూ తగ్గారు. ఆ మనిషి మీవారే కానక్కర్లేదు. ఎవరి దగ్గర మీరు మొహమాటం లేకుండా ఏడవగలరో, ఎవరు డాక్టరుతో మర్యాదగా గట్టిగా మాట్లాడగలరో వాళ్ళను ఎంచుకోండి.

సిజేరియన్ విషయం. అడగడం తప్పు కాదు, పిరికితనమూ కాదు. నైస్ మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే: భయం వల్ల సిజేరియన్ అడిగితే ముందు కాన్పు సమయపు మానసిక ఆరోగ్యం తెలిసినవాళ్ళ దగ్గరికి పంపాలి, ఆ మద్దతు తర్వాత కూడా ఆమె అదే కోరితే ఒప్పుకోవాలి. ఫిన్లాండ్‌లో 371 మంది తొలి చూలు ఆడవాళ్ళ మీద జరిపిన ట్రయల్ 2013లో వచ్చింది, అందరూ తీవ్రమైన భయం ఉన్నవాళ్ళే. గర్భంలో ఆరు గ్రూప్ సెషన్లు, కాన్పయ్యాక ఒకటి ఇచ్చారు. వాళ్ళలో మామూలు కాన్పులు 63 శాతం, ఇవ్వనివాళ్ళలో 47 శాతం. కాబట్టి ఈరోజు మీకు ఏది కావాలనిపిస్తోందో, పది వారాల పని తర్వాత అదే అనిపించకపోవచ్చు. అనిపించినా ఫరవాలేదు. నా అభిప్రాయం అడిగితే, ఇప్పుడే "అవసరమైతే సిజేరియన్‌కి ఒప్పుకుంటారా" అని డాక్టరుతో మాట్లాడి ఆ తలుపు తెరిచి పెట్టుకోండి. బయటపడే దారి ఉందని తెలిశాక చాలామంది ఆ దారి వాడకుండానే కనేస్తారు, దారి మూసేసినవాళ్ళే ఎక్కువ గాభరా పడతారు. కానీ ఆపరేషన్ అంటే ఏమీ తెలియకుండా అయిపోతుందనుకోకండి. మెలకువగా ఉంటారు, నడుము కింద కదలదు, చేతికి సెలైన్, మీద గుడ్డ, లోపల లాగుతున్నట్టు తెలుస్తుంది. కదల్లేకపోవడమే మీ పాత గాయానికి తగిలే విషయమైతే అదీ ముందే మాట్లాడుకోవాలి. మళ్ళీ పిల్లలు కావాలనుకుంటే ప్రతి సిజేరియన్‌తోనూ మాయ అతుక్కుపోయే లాంటి రిస్క్ పెరుగుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.

మందుల గురించి రెండు మాటలు. ఇప్పటికే డిప్రెషన్‌కో ఆందోళనకో ఏదైనా వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, హఠాత్తుగా ఆపితేనే ఎక్కువ ఇబ్బంది. సెర్ట్రలిన్ లాంటివి గర్భంలోనూ వాడుతుంటారు, వాల్‌ప్రోయేట్ లాంటివి వాడకూడదు, ఇది సైకియాట్రిస్ట్ తేల్చాల్సిన సంగతి. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచనలు వస్తున్నా, వీలున్నా వరసగా రాత్రులు నిద్రే పట్టకపోతున్నా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

మీవారి గురించి. "అందరూ కనట్లేదా" అన్నారని ఆయన మీద కోపం రావడం సహజం. నేను చూసినంతలో, ఆ మాట అనే మగవాళ్ళలో సగం మంది ఆ రాత్రి గది బయట తామూ హడలిపోయినవాళ్ళే, దాని గురించి మాట్లాడటం చేతకాక అలా అంటారు. ఒకసారి ఆయన్ని "ఆ రోజు నువ్వెక్కడున్నావు, నీకేం కనపడింది" అని అడిగి చూడండి. కౌన్సెలింగ్‌కి ఒక్క సెషన్‌కైనా తీసుకెళ్ళండి, కానీ బ్రాకెట్ విషయం ఆయనకు తెలియకూడదనుకుంటే కౌన్సెలర్‌కి ముందే చెప్పి ఉంచండి. ఆయనకు ఇవ్వాల్సిన పని ధైర్యం చెప్పడం కాదు, అది ఆయనకు రాదు. కాగితం పట్టుకుని డ్యూటీ మారిన ప్రతిసారీ కొత్త నర్సుకు చదివి వినిపించడం ఆయన పని, అది బాగా చేస్తారు.

కౌన్సెలర్‌ని ఎంచుకునేటప్పుడు డిగ్రీలు చూసి సరిపెట్టుకోకండి, ఫోన్లోనే మూడు సంగతులు అడగండి. గర్భిణులతో ఇంతకుముందు పనిచేశారా? ట్రామాకి ఏ పద్ధతి వాడతారు? మొదటి రోజే జరిగిందంతా చెప్పాలా? మూడోదానికి "చెప్పాలి, లేకపోతే ఎలా తెలుస్తుంది" అంటే ఇంకొకరిని వెతుక్కోండి. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే ఫోన్లో చేసినా పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో మిడ్‌వైఫ్‌లు 24వ వారంలో ఒకసారి, 34వ వారంలో ఒకసారి కాన్పు భయం ఉన్నవాళ్ళతో ఫోన్లో మాట్లాడితేనే భయం తగ్గిందని ఒక ట్రయల్‌లో తేలింది. మీరు సరిగ్గా 24లోనే ఉన్నారు.

కాన్పయ్యాక మొదటి రోజుల్లో అది మళ్ళీ మళ్ళీ గుర్తుకు రావడం, ఏడుపు రావడం మామూలే, నెల దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి. అందుకే ఇప్పుడే మీ కౌన్సెలర్‌తో కాన్పు తర్వాత ఆరో వారానికి ఒక సెషన్ రాయించుకోండి. ఆ సమయానికి ఫోన్ తీసి అపాయింట్‌మెంట్ అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక రేపటి సంగతి. వచ్చే చెకప్‌లో డాక్టరుగారు మళ్ళీ "ఆలోచించకు" అంటే వాదించకండి. "రాత్రి నిద్ర పట్టట్లేదు, మొదటి కాన్పు కలలో వస్తోంది, చెకప్‌కి రావాలంటే వణుకు వస్తోంది, నన్ను కౌన్సెలింగ్‌కి రిఫర్ చేసినట్టు ఫైల్లో రాయండి" అని ఈ మాటలే ఫోన్లో టైప్ చేసుకుని వెళ్ళి, గొంతు పెగలకపోతే ఫోన్ ఆవిడ చేతికిచ్చెయ్యండి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది అలా వచ్చినవాళ్ళే.